వాగవతలి మేకలు రామన్నాయట!

వాగుకు ఇవతల పశువుల పాక, అవతల మేకల దొడ్డి. నెలకోసారి పొద్దున్నే పాకలో గేదెలన్నీ పొదుగు పరీక్షకు వరసగా నిలబడేవి. వడ్రంగిపిట్ట వడ్రంగమ్మ ముక్కుతో మెల్లగా తట్టి, మానులో పురుగును పట్టినట్టే పొదుగులో గడ్డను పట్టేసేది. మేకలు మాత్రం ఒక్కటీ వచ్చేది కాదు. వాటిని పిలుచుకొచ్చే పనిని పాక పెద్ద అయిన ఎద్దు వీరభద్రయ్య నక్క జంబయ్యకు అప్పగించాడు. జంబయ్య ప్రతి సమావేశానికీ అందరికంటే ముందొచ్చేవాడు, చక్కగా మాట్లాడేవాడు. ఇంకేం కావాలి?

"ఏం చేసేది పెద్దయ్యా, తిరిగి తిరిగి నా కాళ్లరిగిపోయాయి. మేము రామంటున్నాయి మేకలు" అనేవాడు జంబయ్య.

"అవగాహన లేదు పాపం" అని వీరభద్రయ్య నెమరు వేసుకునేవాడు.

అవతల దొడ్డిలో చుక్కమ్మ అనే మేకకు అవగాహన నిండా ఉంది. నెల రోజులుగా ఆమె పొదుగులో కుంకుడుగింజంత గడ్డ. వాళ్లమ్మ అలాంటి గడ్డతోనే పోయింది. చుక్కమ్మకు పాలు మరవని పిల్లలు రెండు. తను పోతే వాటికి దిక్కెవరన్న భయంతో మేత కూడా సహించడం లేదు.

ఒక రోజు జంబయ్య వచ్చి మెల్లగా ఆమె చెవిలో అన్నాడు. "పరీక్షకు పోవద్దు చుక్కమ్మా. ఆ ముక్కుతో తడితే లేని గడ్డా పుడుతుందట. గడ్డ ఉందని తేలితే తల్లిని పాకలో కట్టేసి, పిల్లల్ని ఎవరికో ఇచ్చేస్తారట. మీ తరఫున నేనే రామని చెప్పేశాను."

"మంచి పని చేశావు బావా."

"ఇంతకీ గడ్డ ఎవరికుంది? పరుగెత్తలేనివాళ్లెవరు? వాళ్ల పిల్లలు ఎక్కడ పడుకుంటారు? నాకొక్కడికే చెప్పు, గుట్టుగా ఉంచుతాను."

మొదటి ప్రశ్నకు చుక్కమ్మ గుండె జల్లుమంది. మూడో ప్రశ్నకు అతని ఎత్తు అర్థమై కుదుటపడింది. వైద్యం సంగతి అడిగేవాడికి పిల్లల పడకతో పనేమిటి?

"నాకే ఉంది బావా. అడుగు తీసి అడుగు వేయలేను. రేపు మిట్టమధ్యాహ్నం నా పిల్లలు తుమ్మచెట్టు కింద ఒంటరిగా పడుకుంటాయి" అంది నీరసంగా.

నక్క వెళ్లిన మరుక్షణం, అడుగు తీసి అడుగు వేయలేని చుక్కమ్మ ఒక్క దూకున వాగు దాటింది. పాకలో వీరభద్రయ్య, వడ్రంగమ్మ ఉన్నారు.

"పెద్దయ్యా, మేము రామని మీతో ఎవరన్నారు?"

"జంబయ్య. మీకు అవగాహన లేదనీ..."

"అవగాహనకేం లోటు లేదు, తీరికే లేదు. మీరు పొద్దున పెడతారు, అప్పుడు మేము మేతకు పోతాం. వాగు నిండితే పిల్లల్ని ఎవరు దాటిస్తారు? పైగా అందరి ముందూ పొదుగు చూపించాలంటే సిగ్గు. ఇదంతా మమ్మల్నడిగితే చెప్పేవాళ్లం. మీరు నక్కనడిగారు. అతనేమో పరుగెత్తలేనివాళ్లెవరు, పిల్లలెక్కడ పడుకుంటారు అని మమ్మల్ని ఆరా తీస్తున్నాడు. దొంగ చేతికి తాళాలిచ్చారు."

వీరభద్రయ్య నెమరు ఆపాడు. అతను నెమరు ఆపగా పాకలో ఎవరూ చూడలేదు.

"తప్పు నాదే తల్లీ. ఎక్కడ పెట్టమంటావు, ఎప్పుడు పెట్టమంటావు?"

మర్నాడు మధ్యాహ్నం తుమ్మచెట్టు కిందే పరీక్ష. ముందు చుక్కమ్మ నిలబడింది. చుట్టూ ఆడమేకలు అడ్డుగా నిలిచాయి. పిల్లలు అక్కడే ఆడుతున్నాయి. వడ్రంగమ్మ తట్టింది, ఆగింది, మళ్లీ తట్టింది.

"ఉంది. చిన్నదే, తీసేయొచ్చు. ఇంకా ఆలస్యం చేసుంటే, గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చేది."

చుక్కమ్మకు ఏడుపొచ్చింది. నెల రోజులు ఆపుకున్నదంతా అప్పుడే ఏడ్చేసింది.

సరిగ్గా అప్పుడే పొదలోంచి జంబయ్య, పిల్లల మీదే చూపు పెట్టి, ఒక్క గంతు వేశాడు. ఎదురుగా నలభై జతల కొమ్ములు, మధ్యలో ఎద్దు.

"ఏర్పాట్లు ఎలా ఉన్నాయో చూద్దామని..."

"మంచిది. వరసలో నిలబడు" అన్నాడు వీరభద్రయ్య.

"నాకు పొదుగెక్కడిది పెద్దయ్యా?"

"ఊరంతా తిరిగి అలిసిపోయావు. నోరైనా చూపించు."

పారిపోదామంటే దారి లేదు. జంబయ్య నోరు తెరిచాడు. వడ్రంగమ్మ తొంగిచూసి, అందరికీ చెప్పే గొంతుతోనే చెప్పింది: "పళ్ల సందున గొర్రెపిల్ల బొచ్చుంది. తాజాది."

నిన్నటి నుంచీ బిడ్డ కోసం వెతుకుతూ అక్కడికొచ్చిన గొర్రె ఎల్లమ్మ ఒక్క కేక పెట్టింది. మేకలన్నీ తలలు వంచాయి. ఆ తర్వాత జంబయ్య వాగు ఎలా దాటాడో అతనికే తెలియదు. మూడు కాళ్ల మీద దాటాడని చూసినవాళ్లన్నారు. మళ్లీ ఏ సమావేశానికీ రాలేదు.

చుక్కమ్మ గడ్డ తీయించుకుని పాకలో పడుకున్న వారం రోజులూ ఆమె పిల్లల్ని వీరభద్రయ్యే చూసుకున్నాడు. అవి అతని వీపెక్కి తొక్కుతుంటే కిక్కురుమనలేదు.

నీతి: "వాళ్లు రారు" అని ఎవరైనా చెబితే, ముందు ఆ చెప్పినవాడి పళ్లు చూడాలి.