కోట దారిలో పెళ్ళిచూపులు

పానకాలు ఇంట్లో తెలివికి కొదవ లేదు. పెరుగుకి తోడు ఇచ్చినట్టు ఊరందరికీ తలా కాస్త పంచినా తరగదని ఆయన నమ్మకం. భార్య ఆదెమ్మదీ అదే నమ్మకం. ఇక ఆమె తమ్ముడు తిరపతయ్య, వానొస్తే గొడుగు తడిసిపోతుందని చొక్కాలో దాచుకుని ఇంటికొచ్చే మనిషి. ఆ ఇంట్లో ఆయన మాటకి తిరుగులేదు.

ఇంత తెలివిగల ఇంటికి ఒకటే దిగులు. కొడుకు బసవయ్యకి పిల్ల కుదరడం లేదు. వచ్చినవాళ్ళు కాఫీ తాగి, కబురు చేస్తామని చెప్పి వెళ్తారు. అంతే. నలుగురూ వరసగా అరుగు మీద కూర్చుని కబురు కోసం చూస్తారు. కబురు రాదు. జుట్టు పలచబడుతున్న కొడుకుని చూసి ఆదెమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకునేది.

చివరికి అడవి అంచున ఉన్న పల్లె నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్ల పేరు ఈశ్వరి. అడవి లోపల పాడుపడ్డ పాతకాలపు కోటకి జనాన్ని నడిపించుకెళ్ళి చూపించడం ఆమె పని. తలొంచుకుని చాప మీద కూర్చోవడం తన వల్ల కాదంది. తనతో కోటకి నడిచి వచ్చి ఒక రాత్రి ఉంటే మనుషులేమిటో తెలుస్తుందనీ, పొద్దున్నే జవాబు చెప్తాననీ అంది. కోటకి వెళ్ళడంలో రెండు రకాలు. జీపు, గుడారం, వంటమనిషి ఉన్నది ఒకటి, ఏమీ లేనిది ఒకటి. పానకాలు ఏమీ లేనిదే ఎంచుకున్నాడు, చవకని. బియ్యం మనమే మోసుకోవాలి, కోట మండపంలో బండ మీద పడుకోవాలి. ఏమీ లేకపోతే పోగొట్టుకునేదీ ఉండదని తిరపతయ్య బావని మెచ్చుకున్నాడు.

అడవి గేటు దగ్గర ఈశ్వరి అందరికీ చెప్పే మాటలే వీళ్ళకీ చెప్పింది.

"నా అడుగుల్లో అడుగేసి నడవండి. మీరు తెచ్చింది ఏదీ అడవిలో వదలొద్దు. అడవిలోది ఏదీ బయటికి తీసుకుపోవద్దు."

ఇంకేముంది. ఈశ్వరి కొమ్మ కింద వంగితే నలుగురూ వంగారు. ఆమె బుగ్గ మీద దోమని కొట్టుకుంటే నలుగురూ టపటపా బుగ్గలు కొట్టుకున్నారు. వాగు దగ్గర ఆమె కాలు జారి బురదలో చతికిలబడింది. ఆమె లేవగానే బసవయ్య వచ్చి సరిగ్గా అదే చోట చతికిలబడ్డాడు. తర్వాత ఆదెమ్మ, ఆ తర్వాత పానకాలు. తిరపతయ్య వంతు వచ్చేసరికి బురదంతా ముందువాళ్ళకే అంటుకుపోయింది. పాపం, ఆయన బావని అడిగి కాస్త పూయించుకున్నాడు. ఏడిపిస్తున్నారేమోనని ఈశ్వరికి మొదట కోపమొచ్చింది. కానీ బసవయ్య ఆమె మొహం వైపైనా చూడకుండా, ఆమె మడమల గుర్తులు వెతుక్కుంటూ చెమటలు కక్కుతున్నాడు.

సాయంత్రానికి కోట చేరారు. పొయ్యి వెలిగించి అన్నం గిన్నె ఎక్కించాక, దాని మీద ఓ కన్నేసి ఉంచమని తిరపతయ్యకి చెప్పి ఈశ్వరి నీళ్ళకి వెళ్ళింది. ఆయన ఒక కన్ను అరచేత్తో మూసుకుని, రెండోది గిన్నె మీద ఉంచాడు. ఈలోగా ఓ కోతి వచ్చి పక్కనున్న, ఆదెమ్మ ఇంట్లో వండి తెచ్చిన పప్పు గిన్నె ఎత్తుకెళ్ళి, కూలిన గోడ మీద కూర్చుని శుభ్రంగా నాకేసింది. అదేమిటని అక్క అడిగితే, చప్పుడు వినబడింది గానీ చెవి కూడా వెయ్యమని నాకెవరూ చెప్పలేదే అన్నాడు.

అసలు చిక్కు అప్పుడొచ్చింది. పప్పు తాము తెచ్చింది, వదలకూడదు. కోతి అడవిది, తీసుకుపోకూడదు. పప్పేమో కోతిలో ఉంది. పానకాలు తల పట్టుకున్నాడు. ఆదెమ్మ కోతిని బతిమాలింది. బసవయ్య మాత్రం గోడెక్కి కోతి పక్కన కూర్చున్నాడు. తను తోడున్నంతసేపూ పప్పుని వదిలేసినట్టు కాదు కదా. ఈశ్వరి వచ్చి, ఆ పప్పు కోతికి దానం ఇచ్చేశాననుకోమంది. అది మా అమ్మ వండిన పప్పండీ, దానం మీరెలా ఇస్తారని బసవయ్య దిగలేదు.

తెల్లారింది. కోట గుమ్మంలోంచి ఎండ వచ్చి గోడ మీద పడింది. బసవయ్య అక్కడే ఉన్నాడు. కోతి అతని తొడ మీద తల పెట్టుకుని నిద్రపోతోంది.

"ఇక్కడికొచ్చే వాళ్ళందరికీ ఇదే చెప్తాను. గేటు దాటగానే మరిచిపోతారు. సీసాలు పారేస్తారు, గోడల మీద పేర్లు చెక్కుతారు. నా మాట పట్టుకుని రాత్రంతా కూర్చున్న మనిషిని ఇప్పుడే చూస్తున్నాను. నాకిష్టమే" అంది ఈశ్వరి.

"కబురు చేస్తారా?" అన్నాడు బసవయ్య.

"కబురెందుకు, చెప్తున్నాగా."

ఆదెమ్మ సంతోషం పట్టలేక ఏడ్చేసింది. అమ్మ వండినది కాబట్టి అమ్మే కోతికి దానమిచ్చాక బసవయ్య గోడ దిగాడు. తిరుగుదారిలో వాగు దగ్గర బట్టలకంటిన బురదంతా గీకి ఎక్కడిదక్కడ పెట్టేశారు. తిరపతయ్య కాల్లో దిగిన ముల్లు తీసి, దాని చెట్టు వెతికి మరీ అప్పజెప్పాడు.

గేటు దగ్గర ఈశ్వరి తండ్రి కాచుకుని ఉన్నాడు. సంగతి విని, పిల్లని తీసుకెళ్ళి ఇల్లు చూపించమనీ, ఇల్లు కూడా నచ్చితే తాంబూలాలు పుచ్చుకుందామనీ అన్నాడు. ఆ మాటకి ఆదెమ్మ మొహం మాడిపోయింది.

"పిల్ల అడవిది గదయ్యా. ఎట్టా తీసకపోతాం?"

అంతే. నలుగురూ గేటు ముందు కూలబడ్డారు. నేనిక్కడే ఉండిపోతానని బసవయ్య కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నువ్వు మేం తెచ్చినోడివి, నిన్ను వదలకూడదురా అని పానకాలూ ఏడ్చాడు. కుదిరిన ఒక్క సంబంధమూ గేటు దగ్గర తప్పిపోయేట్టుంది. ఈశ్వరి వాళ్ళ ముందుకొచ్చి నిలబడింది.

"మీరు నన్ను తీసుకెళ్ళొద్దు. నేనే ముందు నడుస్తాను, మీరు నా అడుగుల్లో అడుగేసి రండి. అప్పుడు నేనే మిమ్మల్ని తీసుకెళ్ళినట్టు."

మనింటికి తగిన తెలివేనని తిరపతయ్య పొంగిపోయాడు.

పానకాలు ఊళ్ళో బస్సు దిగాక ఈశ్వరి ముందు, వెనక వరసగా నలుగురూ. ఇల్లెక్కడో ఆమెకి తెలీదు. చెప్తారులే అని ఆమె నడుస్తోంది. ఆగుతుందిలే అని వీళ్ళు నడుస్తున్నారు. పాలకేంద్రం దాటారు, రైసుమిల్లు దాటారు. నీలం తలుపుల ఇంటి ముందుకొచ్చేసరికి, ఈ ఇల్లు అచ్చం మనింటి మాదిరే ఉందయ్యా అని ఆదెమ్మ గొణిగింది.

"మనదే. గమ్మున నడువు, అడుగు తప్పిపోద్ది" అన్నాడు పానకాలు.

ఊరైపోయింది, పొలాలొచ్చాయి. ఈశ్వరి వెనక్కి తిరిగి ఇల్లెక్కడని అడిగింది. ఇందాకే దాటొచ్చామన్నాడు బసవయ్య.

"మరి చెప్పరేం?"

"మీరు ఆగలేదు కదండీ."

ఈశ్వరి అరచేత్తో నుదురు కొట్టుకుంది. ఇంకేముంది, నలుగురూ టపటపా నుదుళ్ళు కొట్టుకున్నారు. ఆమెకి నవ్వు ఆగలేదు. తాంబూలాలకి మా నాన్నని రమ్మంటాను, ఇల్లు చూడకపోయినా ఫరవాలేదంటూ పొలం గట్టు మీద చతికిలబడింది.

ఆమె ఎప్పుడు లేస్తుందా అని, ఆ చోట కూర్చోవడానికి బసవయ్య, ఆదెమ్మ, పానకాలు, తిరపతయ్య వరసలో నిలబడి కాచుకున్నారు.