పిండేసిన జిగురు

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో పోతులాచారి అని ఒక వడ్రంగి ఉండేవాడు, బుజ్జికన్నా. నేను సున్నుండలు నేర్చుకున్నట్టే అతనూ గోడ మీదనుంచి చూసి పని నేర్చుకున్నాడు. నా సున్నుండల సంగతి నీకు తెలుసుగా, పట్టుకుంటే పొడి!

అతని బావమరిది సింహాచారి. పక్కిల్లే. అతనూ వడ్రంగే.

ఒకరోజు రేవు నడిపే నూకరాజు వచ్చి, "చెరొక చిన్న పడవ కట్టండి. చుక్క నీరు తాగకుండా ఏరు దాటిన పడవ ఎవరిదైతే, ఇకమీదట రేవు పడవలన్నీ వాళ్ళకే" అన్నాడు.

అప్పుడు పోతులాచారి పెళ్ళాం ముత్యాలు, "మా తమ్ముడి చెయ్యి పడితే చెక్క కూడా చెప్పినమాట వింటుంది" అంది. అంతే! పోతులాచారి ఉడుక్కున్నాడు.

గోడ మీదనుంచి తొంగి చూశాడు. సింహాచారి పలకల అంచులకి జిగురు రాసి, అతికించి, మర తిప్పి బిగించే క్లాంపులు రెండు పెట్టాడు. "నేను ఆరు పెడతా" అనుకున్నాడు పోతులాచారి.

ఆ తర్వాత మళ్ళీ చూశాడు. సింహాచారి రెండు వేళ్ళతో మర తిప్పాడు. పోతులాచారి ఇంటికొచ్చి, కాలు తన్నిపెట్టి రెండు చేతులా తిప్పాడు.

ఆ తర్వాత ఇంకోసారి చూశాడు. సింహాచారి అతుకు మీద జిగురు ఆవగింజల్లా పొటమరించింది. పోతులాచారి అతుకులోంచి ధారకట్టింది. "చూశావటే! మీ తమ్ముడిది చెమట, నాది వరద!" అని మురిసిపోతూ జిగురంతా తుడిచేశాడు.

పందెం రోజు వచ్చింది. రెండు పడవలూ ఏట్లో దిగాయి. నడి ఏట్లో పోతులాచారి పడవ పలకలు దేనికది విడిపోయాయి. పాపం, మునకలేస్తున్నవాణ్ణి జుట్టు పట్టుకుని తన పడవలోకి లాగాడు సింహాచారి.

"ఏం మంత్రం వేశావురా?" అన్నాడు పోతులాచారి దగ్గుతూ.

"మంత్రమేముంది బావా! ఉన్న జిగురంతా బయటికి పిండేశావు. ఇక పలకల్ని పట్టుకునేదెవరు?"

రేవు పని సింహాచారికే దక్కింది. అయితే మర్నాడే వచ్చి, "ఒక్కణ్ణీ చెయ్యలేను, రా బావా" అన్నాడు. మూతి ముడుచుకునే వెళ్ళాడు పోతులాచారి. మర తిప్పాడు. జిగురు ఆవగింజలంత పైకి రాగానే, "చాలు బావా" అన్నాడు సింహాచారి.

పోతులాచారి ఆపాడు. కానీ చేతులు ఒకటే దురద, ఇంకొక్క చుట్టు తిప్పాలని! ఏం చేస్తాడు? రెండు చేతులూ కింద పెట్టుకుని, వాటిమీద కూర్చున్నాడు.

కథేమో తెడ్డేసుకుంటూ కంచికి,
మనమేమో దుప్పటేసుకుంటూ మంచానికి!