లంక పిల్లలకి దొరల మాట నేర్పిన అచ్చియ్యమ్మ

అప్పుడెప్పుడో, మన తాతల తాతలకి ఇంకా మూతిమీద మీసం మొలవని కాలంలో, గోదారి సముద్రంలో కలిసే చోట ఒక లంక ఉండేది. ఆ లంకలో ఆడవాళ్లంతా లేసు అల్లేవాళ్లు. తల్లి అల్లేది, కూతురు అల్లేది, మనవరాలు అల్లేది.

ఏడాదికోసారి, వరదలు తగ్గాక, పడవలో ఒక దొరసాని వచ్చేది. లేసులు కొని తన దేశానికి పంపించుకునేది. ఆవిడది ఇంగ్లీషు. వీళ్లది తెలుగు. మధ్యలో గవరయ్య అనే దళారీ. దొరసాని ఒక్కో లేసునీ వెలుతురుకి పట్టి చూసి ఏదో అనేది. గవరయ్య మొహం చిట్లించుకుని చెప్పేవాడు.

"ఛీ అంటోంది. పని బాగోలేదంటోంది. ఇచ్చిన కాడికి పుచ్చుకోండి."

ఆడవాళ్లు తలలు దించుకుని పుచ్చుకునేవాళ్లు.

ఆ లేసు అల్లేవాళ్లలో కాంతమ్మ ఒకతె. ఆవిడ కూతురు బుల్లెమ్మకి పదిహేనేళ్లు. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఆ పిల్ల ఈ మాటే వింటోంది.

అదే లంకలో అచ్చియ్యమ్మ అని ఒక ముసలమ్మ ఉండేది. నా అన్నవాళ్లు లేరు. వయసులో ఉండగా పట్నంలో దొరల బంగళాలో గచ్చులు కడిగింది. ఓపిక తగ్గాక తిరిగొచ్చి, రేవులో చిలగడదుంపలు ఉడకేసి అమ్ముకునేది. ఓ రోజు బుల్లెమ్మనీ, దాని ఈడు పిల్లల్నీ పిలిచింది.

"ఏమే, మీ లేసులు మీరే పట్నం పట్టుకెళ్లి అమ్ముకోకూడదూ?"

"అక్కడ ఇంగ్లీషు కావాలి కదా మామ్మా!"

"అయితే నేర్చుకోండి. పలకొద్దు, బలపం వద్దు. బేరం చాలు."

ఊరు నోరెళ్లబెట్టింది. ఆడపిల్లలకి దొరల భాషా! రేవులో నిలబడి బేరాలా! గచ్చులు కడిగిన మనిషి పంతులమ్మా! ఎవరెంత గోల పెట్టినా పిల్లలు మానలేదు. దుంపలు అంత తియ్యగా ఉండేవి మరి.

అచ్చియ్యమ్మ బుట్ట బోర్లించి దాని మీద దొరసానిలా కూర్చునేది. పిల్ల చేతిలో దుంప పెట్టేది. "వాట్ ఈజ్ దిస్?" ఇదేమిటి అని. "హూ మేడ్ ఇట్?" ఎవరు చేశారని. "హౌ మచ్?" ఎంతకిస్తావని. జవాబు చెప్పిన పిల్లకి దుంప. చెప్పలేకపోతే మర్నాడు మళ్లీ రావాలి. ఒక్కోసారి "టూ డియర్!" అని ధర ఎక్కువన్నట్టు మూతి తిప్పుకునేది. ఒక్కోసారి దుంప కొరికి, కళ్లు మూసుకుని, "బ్యూటిఫుల్!" అనేది. ఎంత బాగుందో అని.

మొదటిరోజు బుల్లెమ్మ భయపడిపోయి "ఐ యామ్ పొటాటో" అంది.

"నువ్వే దుంపవైతే నిన్నే ఉడకేస్తానే," అంది అచ్చియ్యమ్మ. అందరూ పడీ పడీ నవ్వారు. "తప్పు మాట్లాడినా పర్లేదే. తల దించావో, బేరం పోయింది."

ఆ ఏడు వరద తీస్తుండగా అచ్చియ్యమ్మకి జ్వరం తగిలింది. బుల్లెమ్మ గంజి పట్టుకెళ్తే గిన్నె పక్కకి తోసింది.

"ఇంగ్లీషులో అడగవే."

"ఈట్, మేడమ్," అంది బుల్లెమ్మ, ఏడుపు దిగమింగుకుంటూ.

ముసలమ్మ నవ్వి రెండు గుటకలు తాగింది. తెల్లారేసరికి పోయింది. పిల్లలు కొయ్యబారిపోయారు. నిన్న నవ్విన మనిషి ఇవాళ లేదంటే ఎలా నమ్మడం?

ఆ దిగ్భ్రమలో ఉండగానే దొరసాని పడవ వచ్చింది. గవరయ్య అరుగు మీద కుర్చీ వేశారు. దొరసాని కాంతమ్మ లేసు వెలుతురుకి పట్టింది.

"బ్యూటిఫుల్! హూ మేడ్ ఇట్?"

ఆ మాటలు బుల్లెమ్మకి తెలుసు.

"ఛీ అంటోంది," అన్నాడు గవరయ్య. "ఈ చెత్త పని ఎవరిదంటోంది."

తన చెవులే తప్పు విన్నాయేమో అనుకుంది బుల్లెమ్మ. దొరసాని రెండో లేసు తీసింది. "బ్యూటిఫుల్!" గవరయ్య ఛీ అన్నాడు. మూడోది తీసింది. "బ్యూటిఫుల్!" గవరయ్య ఛీ అన్నాడు. బుల్లెమ్మ తల దించలేదు. నోరు తెరిచింది.

"మై మదర్ మేడ్ ఇట్, మేడమ్! మా అమ్మే చేసింది!"

దొరసాని కుర్చీలోంచి లేచిపోయింది. గవరయ్య మొహంలో నెత్తుటి చుక్క లేదు. దొరసాని బుల్లెమ్మ చెయ్యి పట్టుకుని గబగబా ఏదేదో అడిగింది, ఏదేదో చెప్పింది. అర్థమైనంత విని, కాంతమ్మ వైపు తిరిగింది పిల్ల.

"బాగుందంటోందమ్మా. చాలా బాగుందంటోంది."

"ఈ ఏడా?"

"ప్రతి ఏడూనటమ్మా! ఎవరు చేశారని ప్రతి ఏడూ అడిగిందట. మీ పేర్లు చెప్పడం మీకిష్టం లేదన్నాడట గవరయ్య."

పని బాగోలేదంటేనే కదా ఆడవాళ్లు చవగ్గా ఇచ్చేది, మిగిలింది గవరయ్య మొలలో దోపుకునేది! కాంతమ్మ గవరయ్యని తిట్టలేదు. నేలమీద కూలబడిపోయింది.

"మా అమ్మ... 'నా చేతుల్లో పనితనం లేదే' అని ఏడ్చి, లేసు సూది గోదాట్లో విసిరేసిందే. ఆ దిగులుతోనే పోయింది. ఆవిడకి ఎవరు చెబుతారే ఇప్పుడు?"

అరుగు కింద ఆడవాళ్లు తమ చేతుల్లోని లేసుల వంక చూసుకున్నారు. ఏ ఇంట్లో ఎవరెవరు అలా పోయారో, ఎవరికి వాళ్లకి గుర్తొచ్చింది.

ఆ మీదట గవరయ్య అరుగెక్కిన మనిషి లేదు. ఎవరి లేసు వాళ్లే దొరసాని దగ్గరికి పట్టుకెళ్లి, తమ పేరు చెప్పి, తామే మాట్లాడి అమ్ముకున్నారు.

ఇప్పటికీ ఆ లంకలో ఒకరి మాట ఇంకొకరికి మోసేవాళ్లుంటారు. పెళ్లిమాటలకి వెళ్లేవాడు, తగువు తీర్చేవాడు, బేరం కుదిర్చేవాడు. వాళ్లు నోరు తెరిచే ముందు ఎవరో ఒకరు రేవు వైపు చూపించి అంటారు.

"ఉన్నది ఉన్నట్టు చెప్పు. అచ్చియ్యమ్మ వింటోంది."