గవరమ్మ గుండెకో కారణం

గవరమ్మ కొడుకులు ముగ్గురూ మహా తెలివైనవాళ్ళు. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అనలేదు, వాళ్ళే అనుకున్నారు. పెద్దవాడు దాలినాయుడు, నడిపివాడు పోలినాయుడు, చిన్నవాడు సింహాద్రి. తల్లంటే ముగ్గురికీ ప్రాణం.

ఆ తల్లి గుండె ఓసారి గతి తప్పితే, డాక్టరు ఛాతీలో చిన్న మిషను అమర్చాడు. మళ్ళీ గతి తప్పితే అదే ఒక దెబ్బ కొట్టి దారిలో పెడుతుందన్నాడు. ఇంటికి పంపేటప్పుడు ఇంకో మాట చెప్పాడు. గుండె గబగబా కొట్టుకుంటే ముందు కారణం చూడాలి. మెట్లెక్కినా, భయపడినా, కోపమొచ్చినా కొట్టుకోవడం మామూలే. కారణం లేకుండా కొట్టుకుంటే మాత్రం ప్రమాదం, వెంటనే తీసుకురావాలి.

ఒకరోజు గవరమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తూ, గుండె దడదడలాడుతోందంది. కొడుకులు వచ్చి చూశారు. మెట్లెక్కలేదు. భయం లేదు. కోపం లేదు. ఇంకేముంది, అమ్మ దక్కదేమోనని ముగ్గురూ తలలు దగ్గర చేర్చారు.

"కారణం లేకపోతేనే కదా ప్రమాదం. మనమే ఒకటి ఇచ్చేద్దాం" అన్నాడు దాలినాయుడు.

అంతే, రెక్కలు పట్టుకుని ఆమెను డాబా మెట్లెక్కించేశారు. పైకెళ్ళగానే గవరమ్మ చతికిలబడింది. కూర్చున్న మనిషికి మెట్లు కారణమెలా అవుతాయని పోలినాయుడికి అనుమానమొచ్చింది. ఆమె వెనక్కి వెళ్ళి పాము, పాము అని కేకపెట్టాడు. గవరమ్మ అటు చూసి, అది బట్టలారేసే తాడురా, మొన్న నేనే కట్టానంది. భయం కుదరలేదు. ఇక మిగిలింది కోపం. సింహాద్రి కిందికి పరుగెత్తి, ఏడాదికని పెట్టిన ఆవకాయ జాడీ మోసుకొచ్చి, తల్లి కళ్ళముందే నేలకేసి కొట్టాడు.

గవరమ్మ చీపురందుకుని లేచింది. సరిగ్గా అప్పుడే ఛాతీలో మిషను ఫట్‌మని ఒకటిచ్చింది. అదిరిపడి కూలబడింది. కాసేపటికి ఛాతీ తడుముకుని, దడ పోయిందంది.

కొడుకులు సంబరపడబోయి ఆగిపోయారు. అమ్మకు కోపముంది, దడ లేదు. కారణమున్నా కొట్టుకోకపోతే ఇంకెంత ప్రమాదమో! ఆటో ఎక్కించి ఆసుపత్రికి తెచ్చేశారు.

డాక్టరు మిషను పరీక్షించి, జరిగిందంతా విని తల పట్టుకున్నాడు. గుండె నిజంగానే గతి తప్పిందని, ఆ మిషనే లేకపోతే ఆమె డాబా మీదే పోయేదని చెప్పాడు. ముగ్గురూ బుద్ధిగా తలలూపారు.

"మీ మాటలు వింటుంటే నాకే గుండెదడ వస్తోందయ్యా" అన్నాడు డాక్టరు చివరికి.

ముగ్గురూ ఆయన్ని ఎగాదిగా చూశారు. కుర్చీలోనే ఉన్నాడు. మెట్లెక్కిన జాడ లేదు. అంతే, రెక్కలు పట్టుకుని మెట్లవైపు లాక్కుపోయారు.

గవరమ్మకు ఆ డాక్టరు మీద జాలేసింది.

"మెట్లతో తగ్గదురా, నాకు తగ్గిందా? ముందు ఆ బాబు వాళ్ళింట్లో ఆవకాయ జాడీ ఎక్కడుందో కనుక్కోండి" అంది.