గుంటలో వీరాస్వామి, పిచ్ మీద పట్టా

రండర్రా, దగ్గరికి జరగండి. గోడకు ఆనుకున్న వాళ్ళు కూడా వచ్చి చాప మీద కూర్చోండి, చోటుంది. పలకలు పక్కన పెట్టండి, ఇవాళ లెక్కల్లేవు. కాళ్ళు మడుచుకున్నారా? సరే, వినండి.

మన పక్కూరు బొంతలపాడులో చెంచయ్య ఇల్లుంది. ఆ ఇంట్లో నలుగురు. చెంచయ్య, అతని భార్య పున్నమ్మ, తమ్ముడు వీరాస్వామి, మేనత్త ఆదెమ్మ. ఊళ్ళో వాళ్ళందరి తెలివీ త్రాసులో ఓ పక్క వేసి, తమ తెలివి రెండో పక్క వేస్తే తమ పక్కే నేలకు ఆనుతుందని ఆ నలుగురి నమ్మకం. అంత తెలివి కాబట్టి దాన్ని జాగ్రత్తగా వాడుకునేవాళ్ళు. ఏదైనా ఆలోచించాలంటే ముందు తలుపులు మూసేవాళ్ళు, తరవాత కిటికీలు మూసేవాళ్ళు. తెలివి బయటికి పోతుందేమోనని. ఆదెమ్మ అయితే వంటింటి పొగగూట్లో గుడ్డ కూడా కుక్కేది.

"పోయినేడు నువ్వా గుడ్డ కుక్కడం మరిచిపోయావత్తా. అందుకే పక్కింటి మస్తాను బాబాయి మనకంటే ముందు నారు పోశాడు. మన తెలివే అటు పోయింది" అని చెంచయ్య ఇప్పటికీ దెప్పుతుంటాడు.

ఈ ఏడు వాళ్ళ మిరపచేను విరగకాసింది. కాయ కోసి, ఇంటి ముందు కల్లంలో ఆరబోశారు. ఎర్రతివాచీ పరిచినట్టుంది. ఇంకో రెండు ఎండలు తగిలితే చాలు, కాయ గలగలమంటుంది. ఆ కాయ అమ్మితే పున్నమ్మకు పాడిగేదె వస్తుంది. కాపురానికొచ్చి ఏడేళ్ళయింది, ఆమె కోరిక అదొక్కటే. గేదె ఇంకా రాలేదు గానీ లచ్చి అని పేరు పెట్టేసింది. మెడకు గంట కూడా కొని, కొట్టంలో ఖాళీ గుంజకు కట్టింది. పొద్దున్నే వెళ్ళి ఆ గంట మోగించి, "ఇంకెన్నాళ్ళే లచ్చీ" అని పలకరించి వచ్చేది. కాయ తడిసిందా, రంగు చెడి తాలైపోతుంది. తాలైతే లచ్చి రాదు. ఈ ఒక్క ముక్క మాత్రం మరిచిపోకండి. ఆ ఇంట్లో వాళ్ళు ఎటూ మరిచిపోతారు.

ఓ రోజు పొద్దున సముద్రాలవతల ఎక్కడో మన జట్టు టెస్టు మ్యాచ్ ఆడుతోంది. నలుగురూ టీవీ ముందు చేరారు. మొదటి ఓవర్లో ఒకడు పోయాడు. రెండో ఓవర్లో ఇంకొకడు పోయాడు. మూడోవాడు వచ్చి, చేతి తొడుగు బిగించుకుని, అటూ ఇటూ చూసి, మొదటి బంతికే వెనక్కి తిరిగి నడిచాడు. పదకొండు పరుగులు, మూడు వికెట్లు.

"వీడు దేనికొచ్చినట్టు?" అంది ఆదెమ్మ.

"ఏదో మరిచిపోయుంటాడత్తా, తెచ్చుకోను పోయాడు" అంది పున్నమ్మ.

టీవీలో ఆట చెప్పే ఆయన నిట్టూర్చాడు. "ఇలాంటప్పుడు ఒక్కడైనా పాతుకుపోవాలండీ. ఒక్కడు పాతుకుపోతే చాలు, జట్టు నిలబడుతుంది" అన్నాడు.

వీరాస్వామి లేచాడు. "అన్నా, విన్నావా. ఒక్కడు చాలంట."

"విన్నాను. పాపం అక్కడ వాళ్ళ దగ్గర గడ్డపార ఉన్నట్టు లేదు. ఉత్త చెక్కబ్యాటుతో ఎట్టా పాతుకుంటారు?"

"మనకుందిగా గడ్డపార."

అంతే. అన్నదమ్ములిద్దరూ బయటికొచ్చి కల్లం పక్కనే మోకాలి లోతు గుంట తవ్వారు. వీరాస్వామి అందులో దిగి నిలబడ్డాడు. చెంచయ్య చుట్టూ మట్టి పూడ్చి, కాలితో తొక్కి, రెండు చెంబుల నీళ్ళు కూడా పోశాడు. లోపలికొచ్చి టీవీ చూస్తే ఏముంది, ఓవర్ మీద ఓవర్ గడుస్తోంది గానీ వికెట్ పడటం లేదు. ఐదు ఓవర్ల దాకా పడలేదు.

"తమ్ముడూ, బాగా ఆడుతున్నావు, కదలబాక" అని కిటికీలోంచి కేకేశాడు చెంచయ్య.

"వీపు దురద పెడుతోంది అన్నా."

"గోక్కోబాక. రన్నౌట్ అవుతావు."

ఇంతలో టీవీ ఆయన గొంతు తగ్గించాడు. "ఇప్పుడు దేశమంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది" అన్నాడు.

ఇంకేముంది, ముగ్గురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. దేశమంతా బిగబడితే వీళ్ళు వదులుతారా? బుగ్గలు పొంగించి, ముక్కులు పట్టుకుని కూర్చున్నారు. చెంచయ్య కళ్ళు ఉబ్బాయి. పున్నమ్మ మొహం కల్లంలో కాయల్లే ఎర్రబడింది. పెద్దది ఆదెమ్మ ఎంతసేపని ఆగుతుంది, బుస్సుమని వదిలేసింది. సరిగ్గా అప్పుడే అక్కడ కెప్టెన్ బ్యాటుకు బంతి తగిలి పైకి లేచింది, ఎవడో పట్టేశాడు.

"చూడత్తా, ఏం పని చేశావో. దేశమంతా ఆగింది, నువ్వొక్కదానివి ఆగలేకపోయావు" అన్నాడు చెంచయ్య.

ఆదెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "బంగారంలాంటి పిల్లాడు, నా మూలాన పోయాడు. వాళ్ళమ్మకు నా మొహం ఎట్టా చూపించనురా" అని కళ్ళు తుడుచుకుంది.

"బుగ్గలో పొగాకు ఉంచుకుని ఊపిరి బిగబట్టడమేందత్తా. ముందే ఉమ్మెయ్యాలి" అంది పున్నమ్మ.

ఈ గొడవలో ఎవరూ టీవీ చూడలేదు. చూసేసరికి ఇంకో ముగ్గురు పోయారు. ముప్పై ఎనిమిదికి ఏడు. టీవీ ఆయన చేతులెత్తేశాడు. "ఇక మన జట్టును కాపాడాలంటే వాన ఒక్కటే దిక్కు. వాన వస్తే తప్ప లాభం లేదు" అన్నాడు.

చెంచయ్య లేచి తలుపు మూశాడు. పున్నమ్మ కిటికీలు మూసింది. ఆదెమ్మ పొగగూట్లో గుడ్డ కుక్కింది. పెద్ద ఆలోచన మరి.

"వానేగా, కప్పతల్లిని ఊరేగిస్తే వస్తుంది" అన్నాడు చెంచయ్య.

పున్నమ్మకు ఎందుకో ఓ క్షణం తెలివొచ్చింది. కిటికీ సరిగ్గా పడలేదో ఏమో. "ఏందయ్యా, బయట మన కాయ ఆరబోసుందిగదా. వానొస్తే లచ్చి ఏమవుద్ది?" అంది.

"నీకు చదువు లేకపోయె. మనం వానను మ్యాచ్‌కు పిలుస్తున్నాం గానీ మన కల్లానికి పిలుస్తున్నామా? పెళ్ళికి పిలిస్తే పెళ్ళివారింటికే పోతారు. దారిలో వేరేవాళ్ళింట్లో చెయ్యి కడుక్కుంటారా?"

"అదీ నిజమే" అంది పున్నమ్మ.

అంతే. నీళ్ళకుండ కింద తడిలో చల్లగా పడుకున్న కప్పను పట్టుకున్నారు. వేపమండల్లో పెట్టి, గుడ్డతో రోకలికి కట్టారు. రోకలి ఓ కొస చెంచయ్య భుజాన, రెండో కొస పున్నమ్మ భుజాన. ముందు ఆదెమ్మ పాడుతూ నడిచింది.

"కప్పమ్మా కప్పమ్మా, మబ్బును లేపమ్మా, మా కల్లం దాటేసి మ్యాచ్ మీద పొయ్యమ్మా."

మొదట మస్తాను ఇంటికే పోయారు. ఆ ముసలాయన అప్పటికే తన కాయంతా కుప్పచేసి, పైన పట్టాలు కప్పి, అంచుల మీద రాళ్ళు పెడుతున్నాడు. పట్టాలంటే తెలుసుగా, వాన నీళ్ళు దిగకుండా కప్పే నీలం పరదాలు.

"కప్ప మీద చెంబుడు నీళ్ళు పొయ్యి బాబాయి" అన్నాడు చెంచయ్య.

మస్తాను ఒకసారి కప్పను చూశాడు, ఒకసారి ఆకాశం చూశాడు. "ఏందిరా ఇది? ఉత్తరాన పొద్దుట్నించీ మబ్బు పట్టుంటే, కాయ ఎత్తుకోకుండా వానను పిలుస్తున్నారా?"

"ఆ మబ్బు మనది కాదు బాబాయి. అది మ్యాచ్‌కు పోయే మబ్బు. ఇట్టా దారెంట పోతోంది."

"ఆగేది కాదంటావు."

"మన ఊళ్ళో దానికేం పని?"

ఆ మాట నోట్లో ఉండగానే టప్పున ఓ చినుకు చెంచయ్య ముక్కు మీద పడింది. తరవాత పది పడ్డాయి. తరవాత లెక్కపెట్టడం ఎవరి తరం కాలేదు.

చెంచయ్య రోకలి అక్కడే దించి ఇంట్లోకి ఉరికాడు, కాయ కోసం కాదు, టీవీ కోసం. అక్కడ చూస్తే ఎండ ఫెళ్ళున కాస్తోంది. ఆటగాళ్ళు టోపీలు పెట్టుకుని హాయిగా తిరుగుతున్నారు.

"పున్నమ్మా, మబ్బు దారి తప్పింది. మన ఊళ్ళో దిగిపోయింది" అన్నాడు.

బయట పున్నమ్మ చినుకుల్లో నిలబడి, కొట్టంలోకి చూసి, "లచ్చీ" అని ఏడుపు ఎత్తుకుంది. గుంటలోంచి వీరాస్వామి, "వదినా, ఆట ఆపారా? నేను లోపలికి రావచ్చా?" అని అడుగుతున్నాడు. ఇంట్లో చేతిబలం ఉన్నది వాడొక్కడికే. వాడు చూస్తే మోకాళ్ళ దాకా బురదలో ఉన్నాడు.

"పట్టాలు తియ్యండిరా, పట్టాలు" అని మస్తాను గోడ మీంచి అరిచాడు.

పట్టాలు నాలుగున్నాయి. చెంచయ్య నాలుగూ భుజాన వేసుకొచ్చాడు. కల్లం మధ్యలో ఆగి, ఇరవై రెండు అంగలు కొలిచాడు. అంత పొడుగున, మంచం వెడల్పున, ఒక పట్టా మడిచి పరిచాడు. దాని మీదే రెండోది. దాని మీద మూడోది, ఆ పైన నాలుగోది. చేతులు దులుపుకుని నిలబడ్డాడు. చుట్టూ కాయంతా వానలోనే ఉంది.

"ఏందిరా ఆ కప్పడం?" అన్నాడు మస్తాను, ఆయాసపడుతూ వచ్చి.

"టీవీలో చూడలేదా బాబాయి. వానొస్తే పిచ్ ఒక్కటే కప్పుతారు. మిగతాది తడిసినా ఆట జరుగుద్ది."

వాడితో మాట్లాడుతూ కూర్చుంటే ఇంకో నాలుగు చినుకులు పడతాయి. మస్తాను తన కొడుకుల్ని ఇద్దర్నీ పిలిచి, పట్టాలు ఒక్కొక్కటీ లాగి, పున్నమ్మ చేత అంచులు పట్టించి, కల్లమంతా కప్పించాడు. అంచుల్లో ఓ బస్తా కాయ బాగా తడిసింది గానీ మిగతాదంతా గట్టెక్కింది. పున్నమ్మ వెళ్ళి లచ్చి గంట ఒకసారి మోగించి వచ్చింది.

అయిపోయిందనుకున్నారా? కూర్చోండి.

అది వేసవి వాన. గంట కురిసి వెలిసింది. వెంటనే ఎండ మండిపోయింది. అప్పుడేమవుతుంది? పట్టా కింద కాయ ఉడుకుతుంది. ఉడికితే బూజు పడుతుంది. వానలో తడిసిన దానికంటే అధ్వానం.

"ఇక పట్టాలు తీసెయ్యరా చెంచయ్యా" అన్నాడు మస్తాను.

చెంచయ్య చేతులు చాపి అడ్డం నిలబడ్డాడు. "అట్టా ఎవరు పడితే వాళ్ళు తీయకూడదు బాబాయి. తెల్లచొక్కా వేసుకున్న అంపైర్లు ఇద్దరు గొడుగేసుకుని రావాలి. పిచ్‌ను కాలితో తొక్కి చూడాలి. తలూపాలి. అప్పుడు తీయాలి. నేను చూశాను."

"కాయ ఉడికిపోతోందిరా."

"పద్ధతంటూ ఒకటుంటుందిగా బాబాయి."

పట్టాల సందుల్లోంచి ఆవిరి లేస్తోంది. పున్నమ్మ ఒకసారి ఆవిరి వంక, ఒకసారి మొగుడి వంక చూస్తోంది. ఆమెకు పట్టా తీయాలనే ఉంది, పద్ధతి తప్పితే ఏమవుతుందోనని భయంగానూ ఉంది. మస్తాను తన ఒంటి మీద బట్టలు చూసుకున్నాడు. తెల్లచొక్కాయే. ఇంకొకడు కావాలి.

ఇదంతా మీకెట్టా తెలుసు మాష్టారూ అని అడగబోతున్నారు కదూ. ఆ పూట ఒంటిపూట బడి వదిలి, తెల్లచొక్కాతో, సైకిల్ మీద ఆ దారిన పోతున్నవాణ్ణి నేనే.

మస్తాను నా సైకిల్ పట్టుకున్నాడు. ఒక్క ముక్కలో సంగతి చెప్పాడు. ఎండ దంచుతుంటే ఇద్దరం ఒకే గొడుగు కింద కల్లంలోకి నడిచాం. నేను వంగి పట్టా తొక్కాను. ఆయన కూడా తొక్కాడు. నేను ఆకాశం చూశాను. "మాష్టారూ, తొందరగా తలూపండి" అని ఆయన గొణిగాడు. ఇద్దరం కలిసి తలూపాం.

అంతే. చెంచయ్య చప్పట్లు కొట్టి, తనే ముందు పడి పట్టాలు లాగేశాడు. గుప్పున ఘాటు లేచింది. అందరం తుమ్ముకుంటూ కాయను తిరగేశాం. రంగు చెడలేదు. పున్నమ్మ పిడికెడు కాయ చేతిలోకి తీసుకుని, పసిబిడ్డను చూసినట్టు చూసుకుంది.

"వీరాస్వామీ, నువ్వూ రావయ్యా, కాయ తిరగెయ్యి" అన్నాన్నేను.

"నేను రాను మాష్టారూ. మనవాళ్ళంతా యాభైకే పోయారంట, టీవీలో చెప్పారు. నేనొక్కణ్ణే నాటౌట్. అంపైరు వేలెత్తందే కదలను."

సరే, పిల్లవాడి కాళ్ళు నానిపోతున్నాయి, ఏం చేయను. వేలెత్తాను.

వాడు నా వంక కోపంగా చూశాడు. "బ్యాటుకు తగిలింది సార్" అని సణిగాడు. అయినా పెద్దల మాట కాదనలేక మట్టి తోడుకుని, బురదకాళ్ళతో, తల వంచుకుని ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

హమ్మయ్య అనుకుని నేను సైకిల్ ఎక్కబోయాను. వెనక్కి తిరిగి చూస్తే, చెంచయ్య రెండు కాళ్ళకూ తాటాకు చాపలు చుట్టుకుని, పురికొస బిగించుకుని గుంటలోకి దిగుతున్నాడు.

"నువ్వెక్కడికిరా?" అన్నాడు మస్తాను.

"తమ్ముడు అవుటయ్యాడుగా బాబాయి. తరవాత నేనే." గోడ వంక చూపించాడు. బొగ్గుతో వరస రాసి పెట్టుకున్నారు. వీరాస్వామి, చెంచయ్య, పున్నమ్మ, ఆదెమ్మ. ఆదెమ్మ అప్పుడే చాప చుట్టుకుని, పొగాకు ఉమ్మేసి, ఊపిరి పట్టడం నేర్చుకుంటోంది. ఆమె పేరు కింద ఐదో పేరు కూడా ఉంది. లచ్చి.

"ఇదెవరమ్మా, గేదె పేరు కాదూ?" అన్నాన్నేను.

పున్నమ్మ దిగులుగా తలాడించింది. "అవును మాష్టారూ. కాయ అమ్మంగానే అదీ వచ్చేస్తుంది. మిగతావాళ్ళకు ఫర్వాలేదు గానీ, దాంతోనే చిక్కొచ్చి పడింది. దానికి నాలుగు ప్యాడ్లు కావాలిగదా."

అది ఆలోచించడానికి ఆమె ఇంట్లోకి పోయి తలుపు మూసుకుంది. ఆ వెనకే కిటికీలు మూసిన చప్పుడు కూడా వినబడింది.

ఊఁ, ఇక లేవండి. చాప చుట్టి మూల పెట్టండి. మీ అమ్మలు కంచాల్లో అన్నం పెట్టుకుని ఎదురుచూస్తుంటారు, పోయి వేడివేడిగా తినండి. బొంతలపాడు మీదుగా పోయేవాళ్ళు ఒక్కటి గుర్తుంచుకోండి. ఆ కల్లం దగ్గర ఎవరినీ వేలెత్తి చూపకండి. చూపితే ఇంకొకరు గుంటలో దిగుతారు.