అరవై ఒకటీ అరవై ఒకటీ

అడిగిన ప్రశ్నకు అక్కడికక్కడే జవాబు చెప్పడం ఓబులేసు మాస్టారికి అలవాటు లేదు. అనంతపురం డిగ్రీ కళాశాలలో ఆయన జీవశాస్త్రం చెబుతారు. ఒకనాడు ఆయన శిష్యురాలు సబీహా అడిగింది:

"మాస్టారూ, కణం రెండుగా విడిపోయే ముందు తన డీఎన్ఏ మొత్తానికీ నకలు తీసుకోవాలి. ఆ పని వేల చోట్ల మొదలవుతుంది; అటు నుంచి వచ్చే నకలూ, ఇటు నుంచి వచ్చే నకలూ ఎదురెదురుగా కలుస్తాయి. ఎక్కడో చిన్న ముక్క మిగిలిపోతే, ఇంకా కాలేదని ఎవరు చెబుతారు?"

"ఆదివారం మా ఊరికి రామ్మా," అన్నారు మాస్టారు.

ఆ ఊళ్లో చెక్కభజన బృందం పెరిగి పెరిగి ముప్పై నాలుగు మందయింది. పదిహేడుమంది చొప్పున రెండు బృందాలు కావాలని అందరూ ఇష్టంగానే అనుకున్నారు. పాటలకు ఆధారం మాస్టారి నాయన చేతిరాత పుస్తకం ఒక్కటే. పుటలకు అంకెలు లేవు. ఒక బృందానికి పెద్ద సుంకన్న మొదటి నుంచి, రెండో బృందానికి పెద్ద మద్దిలేటి చివరి నుంచి నకలు రాస్తూ వచ్చారు. ఏ పాత కాగితానికి ఎవరు నకలు రాస్తే ఆ కాగితం వారికి, ఆ నకలు ఎదుటివారికి. ఎవరి పుస్తకమూ అంతా పాతది కాకూడదు, అంతా కొత్తది కాకూడదు. అది వాళ్ల ఆచారం.

సబీహా వెళ్లేసరికి రాత అయిపోయింది. "నావి అరవై ఒక్క పుటలు," అన్నాడు సుంకన్న. "నావీ అంతే. సరికి సరి!" అని మద్దిలేటి నవ్వాడు. పాత కాగితాలు పంచుకుంటుంటే మధ్యలో ఒక దళసరి కాగితం దగ్గర ఇద్దరి చేతులూ ఆగాయి.

"ఇది నేను రాసిందిరా."

"నేనూ రాసినా కదన్నా!"

ఇద్దరూ చెరో అంచూ పట్టి లాగారు. కాగితం అంచున విచ్చుకుంది.

"లాగొద్దు, చినుగుతుంది!" అని సబీహా అరిచింది.

ఏ నవమికో ఒలికిన పానకానికి రెండు కాగితాలు ఒకటిగా అతుక్కుపోయాయి. ఇటు ముఖం సుంకన్న రాశాడు, అటు ముఖం మద్దిలేటి రాశాడు. లోపలి రెండు పుటలూ ఇద్దరికీ కనబడలేదు. ఇంకొక్క గుంజు గుంజి ఉంటే ఆ పాట ఏ బృందానికీ దక్కేది కాదు.

సుంకన్న భార్య అన్నం కుండ మూత తీసి, ఆ ఆవిరికి కాగితం పట్టి, గోటితో మెల్లగా విడదీసింది. "అరవై ఒకటీ అరవై ఒకటీ అంట! పెద్ద లెక్కగాళ్లు," అంది. చెరో పుటా అక్కడే రాసుకున్నారు. అప్పుడు పుస్తకం ఏ పట్టూ లేకుండా రెండయింది. రెండు బృందాలూ ఒకే పంక్తిలో భోజనానికి కూర్చున్నాయి.

తిరుగు బస్సులో సబీహా అడిగింది: "ఇంకా కాలేదని వాళ్లకు ఎవరూ చెప్పలేదు కదా, మాస్టారూ?"

మాస్టారు కిటికీలోంచి చూస్తూ అన్నారు: "విడిపోబోయినారు కదమ్మా. కణానికైనా ఆ పట్టే చెబుతుంది."