పాలెగాడి మొదటి బాణం

వెనకటికి ఒక పాలెం ఉండేది. దాని ఏటి మడుగుకు కాటన్న కావలి. తొలకరికి బొచ్చెచేపలు కడుపునిండా గుడ్లతో ఒడ్డు పక్కకు వస్తాయి. ఆ గుడ్లు పిల్లలయ్యేదాకా నీళ్లలో బాణం పడకూడదని ఊరి కట్టుబాటు. ఆ తర్వాత మొదటి బాణం ఆ పాలేన్ని ఏలే పాలెగాడిది. అది ఆయనకు ఊరిచ్చిన మర్యాద.

ఒక తొలకరినాడు పాలెగాడు వియ్యంకుణ్ణి వెంటబెట్టుకుని, విల్లు పట్టుకుని మడుగుకొచ్చాడు. ఆయన తాతతండ్రులెవరూ చేయని పని. చేపలేమో మోకాలి లోతులో కదలకుండా ఉన్నాయి. అవి పోతే మరుసటేడు ఊరికి చేపే లేదు.

కాటన్న అడ్డం పోలేదు. డప్పు భుజాన వేసుకుని పక్కన నిలబడ్డాడు.

"అదెందుకురా?" అన్నాడు పాలెగాడు.

"మీ బాణం పడగానే కొట్టాలి గదా దొరా. డప్పు వింటే ఊరంతా విళ్లతో దిగుతుంది. పొద్దుగూకేసరికి మీ ఇంటికి కూడా చేప మిగలదు."

"కొట్టావో, తోలు వలుస్తా!"

"అయితే కొట్టను దొరా. కానీ డప్పు లేకుండా పడితే అది మొదటి బాణం కాదు, దొంగ బాణం. దొంగ బాణం వేసినవాడి విల్లు ఊరి మధ్యన విరిచేది కూడా నేనే. ఏం చెయ్యమంటారో మీరే సెలవియ్యండి."

వియ్యంకుడు పాలెగాడి మొహం చూశాడు. పాలెగాడు వింటి తాడు విప్పేసి, "బావగారూ, ఈ పూటకు కోడిని కోయిద్దాం" అన్నాడు.

ఆయన వంశంవాళ్లు ఇది జరగనే లేదంటారు. అననీ. మరుసటేడు ఆ మడుగు చేపలు వాళ్లూ తిన్నారు.